వేటకుక్క మనదైతే దాని బాధ్యత కూడా మనదే



ఈ మధ్య మన పిల్లల స్టేటస్‌లలో రెండు రకాల ఫోటోలు ఎక్కువ కనిపిస్తున్నాయి. సిటీలో చదువుకునే తమ్ముళ్లు కొందరు బీగిల్ కుక్కపిల్లను కొని "మా కొత్త హంటర్" అని పెడుతున్నారు. ఊర్లో ఉన్నవాళ్లు కొందరు పండుగ రోజుల్లో గూడెం కుక్కలు అడవిలో జంతువును తరుముతుంటే రీల్స్ తీసి పెడుతున్నారు. రెండింటికీ లైకులు బాగానే పడుతున్నాయి. కానీ ఆ కుక్క ఏం తింటుంది, దానికి సూది వేయించారా, దానివల్ల మనకు ఏ ఆపద రావచ్చు అని అడిగేవాళ్లు లేరు. అందుకే మేము కొంతమందిమి కూర్చుని మాట్లాడుకుని ఇది రాస్తున్నాం. కొంచెం పొడవైనా చివరిదాకా చదవండి.

ముందు బీగిల్ సంగతి. వేటకుక్కల్లో కొన్ని కంటితో చూసి తరిమేవి, కొన్ని ముక్కుతో వాసన పట్టుకుని పోయేవి. కర్ణాటక ముధోల్, తమిళనాడు చిప్పిపారై మొదటి రకం. బీగిల్ రెండో రకం. ఇంగ్లండులో కుందేళ్ల వేట కోసం గుంపులు గుంపులుగా పెంచిన జాతి అది. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 50, 60 లక్షలు ఉంటే, దానికి 20 కోట్లకు పైనే ఉంటాయంటారు. వాసన తగిలిందంటే చాలు, పిలిచినా వినదు. గొలుసు వదిలితే రోడ్డు, బండ్లు చూడకుండా పోతది. గుంపులో బతికే జాతి కాబట్టి ఒంటరిగా గదిలో పెట్టి కాలేజీకి పోతే పొద్దంతా ఊళ పెడతది. ఇంటి ఓనరు ఊరుకుంటాడా? తిండికి ఆపు ఉండదు కాబట్టి తిరగకపోతే తొందరగా కొవ్వు పట్టుద్ది. చెవులు వేలాడుతూ ఉంటాయి కాబట్టి వారానికోసారి చూసి తుడవకపోతే చీము పడుతుంది. పైగా 12 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. మన డిగ్రీ 3 ఏళ్లు. ఆ తర్వాత దాన్ని ఎవరు చూస్తారు? వేలకు వేలు పోసి కొని, రెండో ఏడు రోడ్డు మీద వదిలేసేటట్టయితే ముందే కొనకపోవడం మంచిది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ముక్కుతో పని చేసే కుక్క కోసం మనం ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు. మన గూడెంలో గంజి, అంబలి తాగి అరుగు కింద పడుకునే కుక్క ఆ పని తరతరాలుగా చేస్తూనే ఉంది. దానికి జాతి పేరు లేదు, సర్టిఫికెట్ లేదు, అంతే తేడా. నల్లమలలో చెంచులకు కుక్క లేని బతుకు ఊహకు అందదు. మన్యంలో ఇటుకల పండుగకు గానీ, కోయ గూడేల్లో భూమి పండుగకు గానీ మగవాళ్లు అడవికి బయల్దేరితే ముందు నడిచేది అదే. తెల్లవారుజామున మంచు తడి ఆరకముందు నేల మీద వాసన నిలిచి ఉంటదని, ఎండెక్కితే పలచబడిపోతదని మన తాతలకు కుక్కను చూస్తేనే తెలిసింది. పోడులో పంట కాసింది, రాత్రిపూట చిరుత వాసన పట్టి మేకల దొడ్డి దగ్గర అరిచింది అదే. అలాంటి కుక్కకు మనం తిరిగి ఏం ఇస్తున్నాం? మిగిలిన గంజి, కోపమొస్తే రాయి.

మొట్టమొదట చెయ్యాల్సింది రేబిస్ టీకా. పిల్లకు మూడు నెలలు నిండగానే ఒకటి, డాక్టరు చెప్పిన టైముకు బూస్టరు, తర్వాత ఏటా ఒకటి. ప్రతి ఏడాది జూలై 6న జూనోసిస్ డే సందర్భంగా పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. గూడెం దాకా రాకపోతే మనమే ముందుగా పోయి డాక్టరును అడగాలి, ఊరి కుక్కలన్నింటినీ ఒకచోటికి చేర్చాలి. చదువుకున్నవాళ్లం మనం ఉండి కూడా ఈ పని జరగకపోతే ఇక ఎవరు చేస్తారు?

కుక్క కరిస్తే గాయాన్ని సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు ఏదీ పెట్టకూడదు. వెంటనే పీహెచ్‌సీకి పోవాలి. ఒక్క సూదితో సరిపోదు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. గాయం లోతుగా ఉంటే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అడగాలి. మన నాటు వైద్యం మీద మాకు గౌరవం ఉంది, చాలా జబ్బులకు అది పని చేసింది కూడా. కానీ రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. ఈ ఒక్క విషయంలో పెద్దవాళ్లకు నచ్చజెప్పి ఆస్పత్రికి తీసుకుపోవాల్సింది మనమే.

ఇంకొకటి. పండుగకు మేకను కోస్తే పేగులు, పాడైన కాలేయం పచ్చివి కుక్కకు వేస్తాం. అందులో నీటి బుడగలు ఉంటే కుక్క కడుపులో బద్దెపురుగు పెరుగుతుంది. దాని గుడ్లు కుక్క పెంటతో బయటికొచ్చి, పిల్లల చేతుల మీదుగా మన కడుపులోకి పోయి, కాలేయంలో గడ్డలు కడతాయి. కాబట్టి బాగా ఉడకబెట్టి వెయ్యండి, లేదా లోతుగా పూడ్చండి. డాక్టరును అడిగి కుక్కకు నులిపురుగుల మందు వేస్తూ ఉండండి. అడవి నుంచి రాగానే చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు చూసి తియ్యండి. అవి రక్తం తాగడమే కాదు, జ్వరం కూడా తెస్తాయి.

ఇక వేట. ఇక్కడ చాలామందికి కోపం వస్తుందని తెలుసు, అయినా చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. తరమడం, ఉచ్చు పెట్టడం, వాటికి ప్రయత్నించడం కూడా వేటే. అంటే కుక్కలతో తరిమి ఏమీ దొరక్కుండా ఇంటికి వచ్చినా కేసు కావచ్చు. మనం ఎంతో పోరాడి తెచ్చుకున్న 2006 అటవీ హక్కుల చట్టంలో సంప్రదాయ హక్కులన్నీ ఇచ్చి, సెక్షన్ 3(1)లోనే వేటను, ఉచ్చు పెట్టడాన్ని మాత్రం మినహాయించారు. ఇది న్యాయమా అని చర్చించొచ్చు, ఆ చర్చ మన గ్రామసభల్లో జరగాలి కూడా. కానీ రీల్ తీసి పెట్టడం చర్చ కాదు. మన మీద మనమే సాక్ష్యం ఇచ్చుకోవడం అది. కానిస్టేబుల్ సెలక్షన్‌కు, గురుకులం టీచర్ పోస్టుకు ప్రిపేర్ అయ్యే తమ్ముడి మీద కేసు ఉంటే ఆ కుటుంబం ఏమైపోవాలి? లైకులు కొట్టినవాళ్లు బెయిలుకు వస్తారా?

కుక్కకూ ఇందులో చావే ఉంది. ఇప్పటి అడవి తాతల కాలం నాటిది కాదు. అడవి పందుల కోసం నాటుబాంబులు పెడుతున్నారు, పొలాల చుట్టూ కరెంటు తీగలు లాగుతున్నారు. మాంసం వాసన వస్తే కుక్క ఆగదు. దాని గొప్పతనమైన ముక్కే దాన్ని బాంబు దగ్గరికి తీసుకుపోతుంది. తీగ తగిలితే వెనకాల పోయే మనిషీ మిగలడు. ఇంకో దిక్కు మన కుక్కల జబ్బులు జంతువులకూ అంటుకుంటాయి. 2018లో గిర్ అడవిలో చనిపోయిన సింహాల్లో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ దొరికింది. మన అడవుల్లో పులులు, రేచుకుక్కలు ఉన్నాయి. అవి పోతే అడవి మిగలదు. అడవి లేకపోతే ఆదివాసీ అనే మాటకు అర్థం ఏముంటది?

"అయితే మన సంస్కృతి వదులుకోవాలా?" అని అడుగుతారు. వద్దు. పండుగ చేద్దాం, విల్లు పడదాం, ఆడదాం, పాడదాం. అడవిని, అడుగుజాడను చదివే మన విద్య జంతువును చంపడానికే కాదు, కాపాడడానికీ పనికొస్తుంది. నల్లమల పులుల రిజర్వులో చెంచులు కాపలాదారులుగా పని చేస్తున్నది ఆ విద్యతోనే. దేశంలో అటవీ శాఖలు వేటగాళ్లను పట్టుకోవడానికి వాసన పట్టే కుక్కలకు శిక్షణ ఇచ్చి వాడుతున్నాయి. వాటిని నడిపించే ఉద్యోగాలకు మన పిల్లల కంటే అర్హులు ఎవరు? అడగాల్సిన డిమాండ్ అది. ఐటీడీఏల ముందు, అటవీ శాఖ ముందు పెట్టాల్సింది అది.

కాబట్టి మా మాట ఇంతే. సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ గూడెంలో ఎన్ని కుక్కలున్నాయి, ఎన్నింటికి టీకా పడింది అని లెక్క రాయండి. రెండో లెక్క సున్నా అయితే ఊళ్లోని యూత్ అందరూ కలిసి పశువైద్యశాలకు ఒక అర్జీ ఇవ్వండి. వేట రీల్స్ ఉంటే తీసేయండి, తమ్ముళ్లకు కూడా చెప్పండి. మా మాటతో ఒప్పుకోని అన్నలు, అక్కలు కామెంట్లలో రాయండి, తిట్టుకోకుండా మాట్లాడుకుందాం.

జోహార్.