మన కోడ్ ఎవరి చేతికి?

నరసరావుపేటలోనో మాచర్లలోనో బీటెక్ చదువుతూ, హైదరాబాద్ మైక్రోసాఫ్ట్‌లో జాబ్ కొట్టాలనుకుంటున్నారా? అయితే పాలస్తీనా మీకు దూరం కాదు. గాజా, వెస్ట్‌బ్యాంక్ ప్రజల ఫోన్ కాల్స్‌ను ఇజ్రాయెల్ సైన్యం ఆ కంపెనీ క్లౌడ్‌లో దాస్తోందని 2025 ఆగస్టులో గార్డియన్ పత్రిక రాసింది. ఉద్యోగులు అప్పటికే నిరసనలు చేస్తున్నారు. కొందరి ఉద్యోగాలు పోయాయి కూడా. చివరికి సెప్టెంబరులో ఇజ్రాయెల్ రక్షణశాఖలోని ఒక విభాగానికి కంపెనీ కొన్ని సేవలు ఆపేసింది.

పాలస్తీనా భూభాగంలో ఇజ్రాయెల్ ఉండటమే చట్టవిరుద్ధమని 2024 జులై 19న అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. హక్కుల ఉల్లంఘనలో కంపెనీలు భాగం కాకూడదని ఐక్యరాజ్యసమితి 2011 మార్గదర్శకాలు అంటున్నాయి. అవి వాటంతటవే అమలు కావు, లోపలి నుంచి అడిగేవాళ్లు ఉండాలి. ఇంటర్వ్యూకి డేటా స్ట్రక్చర్స్‌తో పాటు వీటినీ ఓసారి చదవండి. రేపు ఆ కుర్చీలో కూర్చునేది మీరే.