అక్షరాలున్నాయి... చదివేవారేరీ?

2020 డిసెంబరు మొదటివారాన్ని ఏలూరువాళ్లు మరచిపోలేరు. అంతవరకూ బాగానే ఉన్న మనిషి ఉన్నట్టుండి కూలిపోవడం, మూర్ఛ, నోట నురగ! ఆసుపత్రులకు వచ్చినవారు ఆరువందలు దాటారు. కరోనా కాదని తేలింది. మరేమిటి? క్రిమా, విషమా? రక్తం, నీళ్లు, పాలు, కూరగాయల నమూనాలు మంగళగిరి, ఢిల్లీ ఎయిమ్స్‌లకూ హైదరాబాద్‌లోని ఎన్‌ఐఎన్, సీసీఎంబీ, ఐఐసీటీలకూ పరుగులు తీశాయి. రక్తంలో సీసం, నికెల్ ఎక్కువగా ఉన్నాయని ముందు చెప్పారు. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని డిసెంబరు 16న నిపుణులు అన్నారు. ఆ జవాబు వచ్చేదాకా పిల్లలకు గ్లాసుడు నీళ్లివ్వాలన్నా తల్లులకు భయమే.

విషమైతే రసాయన పరీక్ష పట్టిస్తుంది. ముక్కూమొహం తెలియని క్రిమి అయితే? దాని జన్యువుల్ని చదవాలి. కరోనా వైరస్‌ది దాదాపు 30 వేల అక్షరాల రాత. మనిషిదైతే 300 కోట్లు! యంత్రం ఆ రాతను ముక్కలుముక్కలుగా చదివి గుట్టపోస్తుంది. చిరిగిన పుస్తకాన్ని అతికించినట్టు వాటిని వరసలో పేర్చాలి. ఎక్కడ ఏ అక్షరం మారిందో చూడాలి. ఆ మార్పుతో ప్రమాదం ఉందో లేదో తేల్చాలి. కంప్యూటరుతో చేసే ఈ పనికే బయోఇన్ఫర్మాటిక్స్ అని పేరు.

ఎందుకింత హడావుడి అంటారా? 2021 మేలో వచ్చిన ‘ఏపీ స్ట్రెయిన్’ పుకారు గుర్తుందా? ఎన్‌440కె అనే మార్పున్న వైరస్ మహా ప్రమాదకరమంటూ ప్రచారం సాగింది. మన రెండు రాష్ట్రాల నుంచి వెళ్లేవారు 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాలని ఢిల్లీ ఆదేశించింది. ఆ రకం అప్పటికే తగ్గిపోతోందనీ, దాని చోటును వేరే రకాలు ఆక్రమిస్తున్నాయనీ సీసీఎంబీ శాస్త్రవేత్తలు చెప్పారు. జన్యువుల్ని వరసగా చదువుతూ వస్తేనే అంత ధీమాగా చెప్పగలిగేది.

మరి ప్రతి వైద్య కళాశాలా ఇలాంటి నిపుణుల్నీ, పెద్ద కంప్యూటర్లనూ సొంతంగా పెట్టుకోగలదా? అక్కర్లేదు. కొల్లేరు వైపు రొయ్యల రైతును అడగండి. చెరువులో సీడ్ వదిలేముందు వైట్‌స్పాట్, ఈహెచ్‌పీ ఉన్నాయేమోనని పీసీఆర్ చేయిస్తాడు. ఇంట్లో యంత్రం పెట్టుకున్నాడా? లేదే! ల్యాబ్ ఒకటుంటుంది, పదిమందీ వాడుకుంటారు. వడ్లు ఆడించడానికి ఊరికో మిల్లు ఉన్నట్టే ఇదీనూ.

ఈ ఉమ్మడి ఆలోచన మనకు కొత్త కాదు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 1986-87లోనే దేశవ్యాప్తంగా బయోఇన్ఫర్మాటిక్స్ కేంద్రాల్ని కలుపుతూ ఒక నెట్‌వర్క్ మొదలుపెట్టింది. జీవశాస్త్ర సమాచారాన్ని దాచే జాతీయ కేంద్రం 2022లో ఫరీదాబాద్‌లో వచ్చింది. తెలియని జన్యువును తెలిసినవాటితో పోల్చి చూపే ‘బ్లాస్ట్’ లాంటి పనిముట్లు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కొరత పనిముట్లకు కాదు, పక్కన కూర్చుని నేర్పేవారికి.

ఇంకో సంగతి. ఇల్లు కట్టేశాక మేస్త్రీని పిలిచి ‘పునాది సరిపోతుందా’ అంటే ఏం లాభం? పరిశోధనా అంతే. ఎంతమంది రక్తం తీయాలి, జబ్బులేని పక్కింటివారి నమూనాలు ఎన్ని కావాలి... ఇవన్నీ సూది గుచ్చకముందే లెక్కల మనిషిని అడగాలి. తర్వాత అడిగితే డబ్బూ, రోగి ఇచ్చిన రక్తమూ రెండూ వృథా.

ఏలూరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్‌ఐటీ ఉంది. అక్కడ బయోటెక్నాలజీ, కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలున్నారు. డాక్టర్ల దగ్గర ప్రశ్నలున్నాయి. ఈ పిల్లల దగ్గర లెక్కలున్నాయి. మధ్యలో ఉన్నది రైల్లో గంట ప్రయాణం. నెలకో ఆదివారం ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని నేర్చుకుంటే చాలు... నమూనాలు హైదరాబాద్ వెళ్లినా, వచ్చిన రాతను చదివి ఊరివాళ్లకు అర్థమయ్యేలా చెప్పేవారు ఇక్కడే ఉంటారు. బిందె ముందు భయంగా నిలబడ్డ తల్లికి కావలసింది అదే కదా!