విత్తన సంచికీ అలిపిరి తనిఖీ కావాలి

అలిపిరి దగ్గర సంచి తనిఖీ కానిదే ఎవరినీ కొండమీదికి పోనివ్వరు. ఆ కొండ కింద సేద్యం చేసే మనం మాత్రం వేలు పోసి కొన్న విత్తన సంచిలో ఏముందో అడగకుండానే భూమిలో వేస్తున్నాం. రకం, హైబ్రిడ్, టిష్యూ కల్చర్, బి.టి. అన్నీ ఒకటే అనుకునే రైతులు ఇంకా ఉన్నారు. ఇవి చదువుకున్నోళ్ల మాటలని వదిలేస్తే నష్టం మనకే.

మొదట జన్యువు సంగతి చూద్దాం. తల్లిదండ్రుల పోలిక బిడ్డకు వచ్చినట్టే పైరు గుణాలు విత్తనంలోకి వస్తాయి. ఎత్తు, రంగు, తెగులును తట్టుకునే శక్తి వంటి గుణాలను తరం నుంచి తరానికి మోసుకొచ్చేవే జన్యువులు. మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి బఠాణీ మొక్కలతో ఈ లెక్క తేల్చి 1866లో ప్రకటించాడు. పొడుగు మొక్కను పొట్టిదానితో సంకరం చేస్తే మొదటి తరమంతా పొడుగే వచ్చింది. ఆ గింజలు మళ్లీ వేస్తే నాలుగింట ఒకటి పొట్టిదిగా తేలింది.

హైబ్రిడ్ టమోటా కథ కూడా ఇదే. రెండు వేర్వేరు తల్లిదండ్రులను కలిపి తీసిన మొదటి తరం విత్తనం అది. తోటంతా ఒకే తీరుగా కాస్తుంది. ఆ పండ్ల గింజలు దాచి మళ్లీ నారు పోస్తే దాగిన గుణాలన్నీ బయటపడి ఒక చెట్టు ఒక తీరు, ఇంకో చెట్టు ఇంకో తీరు అవుతుంది. కాబట్టి హైబ్రిడ్ విత్తనం ప్రతిసారీ కొనాల్సిందే.

శెనక్కాయ అట్లా కాదు. దాని పువ్వు చాలావరకు తనలో తానే పరాగ సంపర్కం చేసుకుంటుంది. తిరుపతి పరిశోధన స్థానం ఇచ్చిన నారాయణి, ధరణి, కదిరి స్థానం ఇచ్చిన కదిరి-6 ఇవన్నీ రకాలే, హైబ్రిడ్లు కావు. కల్తీ లేని చేను నుంచి కాయలు ఏరి, బాగా ఎండబెట్టి, కాయగానే నిలవ చేసుకుంటే మన విత్తనం మన ఇంట్లోనే ఉంటుంది. సాగు ఖర్చులో విత్తనానిదే పెద్ద వాటా అయిన ఈ పంటలో ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎంత మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి.

టిష్యూ కల్చర్ అరటి అంటే తల్లి చెట్టులోని చిన్న ముక్క నుంచి ప్రయోగశాలలో పెంచిన పిలకలు. అందులో వేరే జీవి జన్యువు ఏదీ చేర్చరు. బి.టి. వేరు. నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును పత్తిలో చేర్చి, కాయతొలిచే పురుగును చంపే గుణం తెచ్చారు. దీనికి 2002లో అనుమతి వచ్చింది. దోమలాంటి రసం పీల్చే పురుగులపై అది పనిచేయదు. గులాబీరంగు పురుగు దాన్ని తట్టుకోవడం కూడా నేర్చుకుంది. బి.టి. వంకాయను 2010లో కేంద్రమే ఆపింది. మన దేశంలో రైతుల సాగులోకి అనుమతితో వచ్చిన జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే. కనుక బి.టి. టమోటా, బి.టి. శెనక్కాయ అని ఎవరైనా అమ్మజూపితే నమ్మొద్దు.

జన్యుశాస్త్రమంటేనే భయపడనక్కర్లేదు. సాంబ మసూరికి ఎండాకు తెగులును తట్టుకునే గుణాన్ని హైదరాబాదు శాస్త్రవేత్తలు మామూలు సంకరంతోనే తెచ్చారు. ఏ మొక్కలో కావలసిన జన్యువు ఉందో గుర్తులతో పసిగట్టి ఏరుకున్నారు, అంతే. ఆ విత్తనాన్నీ దాచుకోవచ్చు.

2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల చట్టం ప్రకారం మన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో అమ్మకూడదు, అంతే.

హక్కు ఉంటే చాలదు, సంచిలో ఏముందో తెలియాలి. అది రకమా, హైబ్రిడా, జన్యుమార్పిడిదా అన్నది సంచిమీద పెద్ద తెలుగు అక్షరాల్లో ఉండాలని మనమంతా గట్టిగా అడగాలి. అంతవరకు అంగడిలో ఒక్క ప్రశ్న వేయండి: “ఈ పంట గింజ వచ్చే ఏడు వేసుకోవచ్చునా?” జవాబు సరిగా చెప్పి, రకం పేరు, లాటు నంబరు బిల్లు మీద రాసిచ్చిన చోటే కొనండి. ఆ బిల్లును పంట ఇల్లు చేరేదాకా పారేయొద్దు.