జస్ట్... అంతేనా?

దేవరకొండలో ఒక ఇల్లు. వీధి చివర బడి బస్సు హారన్ కొడుతోంది. మనవరాలు వేసిన జడ విప్పి మళ్లీ వేసుకుంటూ "జస్ట్ ఫైవ్ మినిట్స్ నాయినమ్మా!" అంది. "జస్టంటే ఎంతసేపు బిడ్డా? బస్సోడు ఆగుతడా?" అని అడిగింది పెద్దావిడ. పిల్ల దగ్గర జవాబు లేదు.

జవాబు అంత తేలికా కాదు. ఇంగ్లిషులో ఆ బుల్లి మాట చేసే పనులు చాలా. 'హీ హాజ్ జస్ట్ కమ్' అంటే ఇప్పుడే వచ్చిండు. 'జస్ట్ ఎ మినిట్' అంటే జర ఆగు. 'జస్ట్ పాస్' అంటే బొటాబొటి మార్కులు. 'జస్ట్ దట్' అంటే గంతే. నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో వీటిలో ప్రతిదానికీ విడిగా మాట ఉంది. ఆ 'జర' కూడా ఉర్దూ నుంచి వచ్చి ఇక్కడి ఇంటి మనిషైపోయిందే. ఇప్పుడు అన్ని పనులనూ 'జస్ట్' ఒక్కదానికే అప్పగిస్తున్నాం. 'జస్ట్ ఇప్పుడే వచ్చాడు' అన్నప్పుడు ఒకే మాటను రెండుసార్లు చెబుతున్నామని కూడా తోచదు.

వచ్చిన చిక్కల్లా అయిదో పనితోనే. అది ఎదుటివాటిని చిన్నది చేయడం. మన భాషలో దానికి 'ఉత్త' ఉంది. 'ఉత్త కూలోడు' అంటే వినగానే చురుక్కుమంటుంది. 'జస్ట్ లేబర్' అంటే అదే మాట మర్యాదగా జారిపోతుంది. పాలమూరు లేబర్‌నే తీసుకోండి. ఒకపక్క కృష్ణ, మరోపక్క తుంగభద్ర పారుతున్నా పొలాలు ఎండిపోతే, గుంపు మేస్త్రీల వెంట దేశమంతా వెళ్లి ఆనకట్టలకు మట్టి మోసినవాళ్లు, కాలువలు తవ్వినవాళ్లు. వాళ్ల చెమటతో ఎక్కడెక్కడి చేలో తడిశాయి. ఆ బతుకు ముందు 'జస్ట్' అనే మాట నిలుస్తుందా?

కొలతల దగ్గరా ఇంతే. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదన్నది భారత ప్రమాణం. వేరే నీళ్లు దొరకని చోట మాత్రం ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చు. "జస్ట్ ఒకటిన్నర మిల్లీగ్రాములా!" అనిపిస్తుంది. చిటికెడు ఉప్పుతో పోల్చినా అది లెక్కలోకి రాదు. కానీ ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఎన్నో ఊళ్ల బోరునీళ్లు ఆ హద్దు దాటాయి. మొదట పిల్లల పళ్లకు గార పట్టినప్పుడు 'జస్ట్ మరకలే' అనిపించింది. ఏళ్ల తరబడి అవే నీళ్లు తాగినవాళ్లలో ఎందరికో కీళ్లు బిగుసుకున్నాయి, ఎముకలు వంగాయి. ఆ కొసరును తీసేయడానికే నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో పటిక, సున్నం కలిపి నీటిని తేర్చే పద్ధతిని రూపొందించారు. దాని పేరే 'నల్గొండ టెక్నిక్'. తర్వాత కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాయి. నీళ్లు మారాయి గానీ, వంగిన ఎముక నిటారు కాలేదు.

అంటే 'జస్ట్' వస్తువు ఎంతుందో చెప్పదు. చెప్పేవాడికి అది ఎంత అనిపిస్తోందో మాత్రమే చెబుతుంది. మోసేవాడికి, తాగేవాడికి దాని బరువు వేరు.

తమాషా ఏమిటంటే, ఇంగ్లిషులో 'జస్ట్' అంటే న్యాయమైనది అని కూడా అర్థం. ఈ మాట పుట్టుకే లాటిన్‌లో న్యాయం అనే అర్థమున్న మాట నుంచి. 'సరిగ్గా అంత' అనే అర్థంలో మొదలై, పోనుపోను 'అంతే, ఎక్కువేం కాదు' అనే దాకా వచ్చింది. అందుకే ఎవరి కష్టం ముందైనా, ఎవరి నొప్పి ముందైనా 'జస్ట్' చేర్చబోయేటప్పుడు ఒక్క క్షణం ఆగి, అది న్యాయమేనా అని చూసుకుంటే చాలు.

ఇక ఆ నాయనమ్మ ప్రశ్నకు జవాబంటారా? బస్సు వెళ్లిపోయింది. బడి దాకా నడక జస్ట్ రెండు కిలోమీటర్లు!