అధికారం కిందికి దొర్లిందా, నడిమధ్యన ఆగిందా?

మండలాఫీసు మీటింగుల్లో ఆఫీసర్ల నోట తరచూ వినపడే ఇంగ్లీషు మాట ఒకటుంది: డెవల్యూషన్. తెలుగులో అధికారాల బదలాయింపు అంటారు. మన సర్పంచులు, వార్డు మెంబర్లు తలూపి ఇంటికొస్తారు. ఈ మాటను విప్పి చూడాలంటున్నాం మేం. మన హక్కు అందులోనే చిక్కుకుని ఉంది.

ఇది లాటిన్ నుంచి వచ్చిన మాట. ‘డె’ అంటే కిందికి, ‘వోల్వెరె’ అంటే దొర్లించడం. కోర్టు భాషలో దీనికి ఇంకో అర్థం కూడా ఉంది: మనిషి పోయాక ఆస్తి వారసులకు సంక్రమించడం. వారసులు బిచ్చమడగరు, వాటా అడుగుతారు. డెలిగేషన్ అనే మాట వేరు. అది ప్రతినిధిగా పంపడం అనే లాటిన్ మాటలోంచి పుట్టింది. దొర పాలేరు చేతికి తాళంచెవి ఇచ్చి గాదె తెరిచి రమ్మంటే డెలిగేషన్. గాదెలో వాటా పంచితే డెవల్యూషన్.

తెల్లోళ్లు కూడా ఈ మాట వాడారు. 1919 చట్టం కింద 1920లో డెవల్యూషన్ రూల్సు రాశారు. చదువు, ప్రజారోగ్యం, స్థానిక పాలన మన మంత్రులకు వదిలారు. పోలీసు, భూమిశిస్తు గవర్నరు చేతిలోనే ఉంచుకున్నారు. లాఠీ, భూమి ఎవరి దగ్గరుంటే పెత్తనం వాళ్లదే కదా!

స్వరాజ్యంలో ఏమైంది? 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. 243(డి) ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు జనాభా దామాషాలో సీట్లు, సర్పంచి పదవులు రిజర్వు చేసి తీరాలి. అదే 243(జి)కి వచ్చేసరికి పంచాయతీలకు అధికారాలు ‘ఇవ్వవచ్చు’ అన్నారు. పదకొండో షెడ్యూలులో 29 విషయాలున్నాయి. తాగునీళ్లు, రోడ్లు, బడి, భూసంస్కరణల అమలు, బలహీనవర్గాల సంక్షేమం అన్నీ ఉన్నాయి. ఎన్ని ఇవ్వాలో రాష్ట్ర సర్కారు ఇష్టం. అంటే కుర్చీ తప్పనిసరి, కుర్చీకి బలం మాత్రం దయాదాక్షిణ్యం. కుర్చీ మనకొచ్చిన రోజునే దాని కాళ్లు విరిచి ఇచ్చినట్టు కాదా?

నీరు పల్లమెరుగు అంటారు. అధికారానికి పల్లం తెలియదు, దానికి కులం కట్ట అడ్డం. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఊరిని పొగిడేవాళ్లను బాబాసాహెబ్ నిలదీశారు. ఊరు అజ్ఞానానికి, సంకుచితత్వానికి, మతతత్వానికి గూడని తేల్చి చెప్పారు. పైనుంచి దొర్లింది ఊళ్లో ఆగితే వాడకు వచ్చేదేంటి?

ఆ సవరణ కిందనే తమిళనాడులో మదురై దగ్గరి మేలవళవు పంచాయతీ ఎస్సీలకు రిజర్వయింది. అధ్యక్షుడిగా గెలిచిన మురుగేశన్‌ను, మరో అయిదుగురిని 1997 జూన్ 30న నరికి చంపారు. ఆయన చేసిన నేరం గెలవడమే.

మన దగ్గర కత్తి బదులు పెన్ను చాలు. తెలంగాణలో 2018 చట్టం వచ్చాక, చెక్కు మీద సర్పంచుతో పాటు ఉపసర్పంచు సంతకం కూడా ఉండాలన్నారు. సర్పంచి పదవికి రిజర్వేషన్ ఉంది, ఉపసర్పంచికి లేదు. దళిత సర్పంచి పక్కన పెత్తందారీ కులమోడు ఉపసర్పంచి అయితే ఏమవుతుందో చెప్పాలా? వాడు సంతకం పెట్టకపోతే వాడలో మోరీ కట్టించే దిక్కు లేదు.

అందుకే వచ్చే గ్రామసభలో మూడు ప్రశ్నలు అడుగుదాం. 29 విషయాల్లో మన పంచాయతీ చేతికి వచ్చినవి ఏవి? వాటి డబ్బు ఎక్కడుంది? దాని మీద చివరి సంతకం ఎవరిది? జవాబులు మినిట్స్ బుక్కులో రాయించుదాం. రాజ్యాంగంలో ‘ఇవ్వవచ్చు’ అన్నచోట ‘ఇచ్చి తీరాలి’ అని మార్చమని ఒత్తిడి తెద్దాం.

ఆఖరికి ఇంకో సంగతి. రెవల్యూషన్ అనే మాట కూడా ఆ ‘వోల్వెరె’ లోంచి వచ్చిందే. రెండూ ఒక తల్లి పిల్లలే. అధికారం కిందికి దొర్లకుండా ఆపేవాళ్లు ఈ చుట్టరికం యాదిలో పెట్టుకుంటే మంచిది.