దేవుడికి వాటా, వెదురుకు లేదు

పద్నాలుగో శతాబ్దం మొదట్లో ఫ్లోరెన్స్ నగరంలో దేవుడు కంపెనీ భాగస్వామి. బార్డీ, పెరూజీ కుటుంబాల వర్తక సంస్థల లెక్కల పుస్తకాల్లో ‘మెస్సేర్ దొమెనెద్దియో’ పేరిట, అంటే సాక్షాత్తూ దేవుడిగారి పేరిట, ఒక ఖాతా ఉండేది. లాభాలు పంచినప్పుడు అందులోనూ సొమ్ము జమ అయ్యేది. అది బీదలకు వెళ్ళేది. కంపెనీ మునిగితే అప్పులవాళ్ళ వరసలో దేవుడు కూడా నిలబడేవాడు. ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డు అప్పు ఎగ్గొట్టడం కూడా తోడై 1340లలో ఆ రెండు సంస్థలూ కూలిపోయాయి. పాపం, దేవుడి బాకీ ఎంత వసూలైందో ఆయనకే తెలియాలి.

మన కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ, గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. మంచిదే. ఆ డబ్బుతో బడి గోడలు లేచాయి, నీళ్ళ ట్యాంకులు వచ్చాయి, రోడ్డు పక్కన మొక్కలకు కంపెనీ పేరున్న ఇనప కంచెలూ వచ్చాయి. బార్డీల దేవుడికీ ఈ 2 శాతానికీ తేడా ఒక్కటే, కానీ అది పెద్ద తేడా. ఆయన వ్యాపారంలో పాలివాడు. ఈ సమాజం మాత్రం వ్యాపారం ముగిశాక, లెక్క తేలాక, వాకిట్లో నిలబడి అందుకునేది.

పాలివాడంటే ముప్పులోనూ పాలివాడే. హైదరాబాద్‌లో హబ్సిగూడ నుంచి తార్నాక దాకా నడిస్తే ఎన్జీఆర్ఐ, సీసీఎంబీ, ఐఐసీటీ వరసగా తగులుతాయి. అవి దాటితే ఉస్మానియా విశ్వవిద్యాలయం. భూకంపం ముప్పును కొలిచేవాళ్ళు, జన్యువుల్లో దాగిన జబ్బు ముప్పును కొలిచేవాళ్ళు ఈ కొద్దిపాటి దూరంలోనే ఉన్నారు. ముప్పు ఎంత అన్నది వాళ్ళు చెప్పగలరు. ముప్పు ఎవరిది, లాభం ఎవరిది, రెండూ ఒకరివేనా అన్నది వేరే ప్రశ్న. దాన్ని చాలా పట్టుదలగా అడిగినవాళ్ళు, ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, ఇటలీలో పునరుజ్జీవన కాలపు మతాచార్యులు.

వడ్డీ పాపమన్న సిద్ధాంతంతో వాళ్ళకు వచ్చిపడిన చిక్కు అది. సియెనా బెర్నార్దినో, ఫ్లోరెన్స్ ఆర్చిబిషప్ ఆంతొనీనో బజారును దగ్గరగా చూసినవాళ్ళు. వర్తకుడి లాభాన్ని వాళ్ళు పూర్తిగా తోసిపుచ్చలేదు. వాళ్ళకు వారసత్వంగా వచ్చిన కొలబద్ద సూటిగా ఉంటుంది: సరుకు మునిగితే నీ సొమ్మూ మునుగుతుందా? మునిగేటట్టయితే వచ్చిన లాభంలో నీకు న్యాయమైన పాలు ఉంది. ఏం జరిగినా నీ అసలుకు ఢోకా లేకుండా ముందే కట్టుదిట్టం చేసుకుంటే, ఎన్ని పేర్లు పెట్టినా అది వడ్డీయే. దీన్ని తప్పించుకోవడానికి జర్మన్ పండితుడు యోహాన్ ఎక్ ఒక మూడు ముళ్ళ ఒప్పందాన్ని సమర్థించాడు. భాగస్వామ్యం ఒకటి, అసలుకు బీమా ఒకటి, రాబోయే లాభాన్ని ముందే 5 శాతానికి అమ్ముకోవడం ఒకటి. విడివిడిగా మూడూ ధర్మబద్ధమే, కలిపితే మదుపుదారుకు చెమట పట్టదు. 1515లో బొలోన్యాలో ఈ వాదం వినిపించడానికి ఆయన వెనక ఫుగ్గర్ల బ్యాంకు అండ ఉంది. కంపెనీ ఖర్చు మీద వచ్చే నిపుణుడి నివేదిక మన కాలపు కనిపెట్టుడేమీ కాదన్నమాట. ఐదో సిక్స్టస్ పోపు 1586లో అసలుకు హామీ ఉన్న భాగస్వామ్యాలను ఖండించాడు. బ్యాంకులు ఆగలేదు.

ఈ కథకు అడవితో పనుంది. క్రిస్తొఫొరో లాందినో రాసిన ‘కమాల్దోలి సంవాదాలు’ 1468 వేసవిలో ఒక అడవిలో జరిగినట్టు సాగుతాయి. కమాల్దోలి అంటే కాసెంతీనో కొండల్లో, దేవదారు జాతి చెట్ల మధ్య ఉన్న సన్యాసుల మఠం. మాట్లాడేవాళ్ళలో పందొమ్మిదేళ్ళ లొరెంజో దె మెదిచి ఉన్నాడు, వాస్తుశిల్పి ఆల్బెర్తి ఉన్నాడు, ప్లేటోను లాటిన్‌లోకి తెస్తున్న ఫిచీనో ఉన్నాడు. కర్మ గొప్పదా, ధ్యానం గొప్పదా అని చర్చ. మనకు గీత చదివిన అలవాటు వల్ల కొత్తగా అనిపించదు. లొరెంజో కర్మ పక్షం. మరుసటి ఏడాదే తండ్రి పోయి ఐరోపాలో పేరుమోసిన బ్యాంకు అతని చేతికి వచ్చింది. ఆ బ్యాంకుకు అప్పటికే ఒక తెలివి తెలుసు: ఒక్కో ఊరి శాఖ ఒక్కో విడి భాగస్వామ్యం. లండన్ శాఖ అమ్మిన తొమ్మిది బేళ్ళ ఉన్ని సరిగ్గా కట్టలేదని మిలాన్ వర్తకుడొకడు 1455లో బ్రూజ్ శాఖ మీద దావా వేస్తే, లండన్ వేరు మేం వేరు అని బ్రూజ్ మేనేజరు వాదించి గెలిచాడు. ఆ తీర్పును అనుబంధ సంస్థల పేరు చెప్పి చేతులు దులుపుకునే ప్రతి పెద్ద కంపెనీ పటం కట్టి పెట్టుకోవచ్చు.

ఆ మఠం సన్యాసులు అడవిని ముట్టుకోకుండా పూజించినవాళ్ళు కారు. చెట్లు కొట్టారు, దుంగలు అమ్మారు. అర్నో నది మీదుగా కాసెంతీనో కలప ఫ్లోరెన్స్‌కు తేలి వచ్చేది. 1520లో పావొలో జుస్తినియాని అచ్చువేయించిన వాళ్ళ నియమావళిలో మాత్రం ఏకాంతం కోరే సన్యాసి చుట్టూ ఉన్న అడవి తరగకుండా, పైపెచ్చు పెరిగేలా చూడాలని ఉంది. కొట్టడానికి సంఘం అనుమతి కావాలి, కొట్టినచోట నాటాలి. అడవి పలచబడితే ముందు నష్టపోయేది వాళ్ళే, వాళ్ళ బతుకు, వాళ్ళ సాధన రెండూ ఆ నీడలోనే గనక. నరికే చెయ్యీ నష్టం మోసే భుజమూ ఒకే ఒంటివి. మఠం రాసుకున్న నియమంలో మఠం గొంతే వినిపిస్తుందన్నది నిజమే అయినా, ఈ ఒక్క విషయంలో వాళ్ళ ఏర్పాటు పదును మీద ఉంది.

ఇక మన అడవికి వద్దాం. సిర్పూర్ కాగితం మిల్లు 1938లో నిజాం రాజ్యంలో పుట్టింది. కొత్తపేట కాగజ్‌నగర్ అయింది. ఆదిలాబాద్ వెదురు దానికి తిండి. ఆ రోజుల్లోనే ఆ కొండల్లో రిజర్వు అడవి హద్దులు బిగించి, పోడు కొట్టుకునే గోండు, కోలాము కుటుంబాలను బయటికి నెడుతున్నారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం కాల్పుల్లో చనిపోయాడు. కాగజ్‌నగర్, జోడేఘాట్ ఇవాళ ఒకే జిల్లాలో ఉన్నాయి. ఆ జిల్లాకు భీం పేరే పెట్టాం. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ సాయం తీసుకుంది. ఆయన గిరిజన వ్యవహారాల సలహాదారుగా ఉంటూ, ఉస్మానియాలో మానవశాస్త్రం పాఠం చెప్పాడు. అడవి ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయిందో 1945 నాటి ఆయన నివేదికల్లో ఉంది. మన పక్క క్యాంపస్ ఆచార్యుడే రాశాడు. మనమే మరిచాం.

వెదురు ధర సంగతి కర్ణాటకలో బయటపడింది. దండేలి మిల్లుకు 1958లో టన్ను వెదురు రూపాయిన్నరకు ఇచ్చారని పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ రాశారు. బుట్టలల్లే మేదరి మాత్రం బజారు ధరకు కొనుక్కోవాలి. ఎక్ పండితుడి మూడు ముళ్ళూ ఇందులో చక్కగా ఉన్నాయి: అడవితో భాగస్వామ్యం అన్న పేరు, సరఫరాకు సర్కారు హామీ, ముందే ఖాయమైన ధర. పొదలు ఎండితే మిల్లు ఇంకో కొండకు పోతుంది. మేదరి ఎక్కడికి పోతాడు?

1988 జాతీయ అటవీ విధానం ఈ పప్పుబెల్లాల ధరలు ఆపమంది, ముడిసరుకు కోసం కంపెనీలు రైతులతో నేరుగా కుదుర్చుకోవాలంది. ఆ దారిలో బాగా నడిచింది సారపాకలోని భద్రాచలం మిల్లు. జామాయిల్‌లో మేలురకం చెట్ల కొమ్మ ముక్కలకు వేళ్ళు పుట్టించి ‘భద్రాచలం క్లోన్లు’ అని పేరుపడ్డ మొక్కలను రైతులకు ఇచ్చింది. ఖమ్మం నుంచి ప్రకాశం దాకా జామాయిల్, సుబాబుల్ తోటలు పరుచుకున్నాయి. సహజ అడవి మీద గొడ్డలి ఒత్తిడి తగ్గింది, ఇది ఒప్పుకోవాల్సిన మేలు. కానీ మోత భుజం మారింది. నాటింది మొదలు నాలుగేళ్ళు ఎదురుచూసేది రైతు, ఎండకూ నిప్పుకూ జవాబుదారీ రైతు, కోత నాటికి మిల్లులకు సరుకు ఎక్కువైతే ధర దిగేది కూడా రైతు దగ్గరే. సుబాబుల్ రైతులు రోడ్డెక్కిన ప్రతిసారీ గొడవ టన్ను ధర గురించే. అటవీ ధ్రువీకరణ ముద్రల్లో చెట్టు ఎక్కడ పెరిగిందో తెలుస్తుంది, ధర పడ్డ ఏడు ఎవరి ఇంట్లో పెళ్ళి వాయిదా పడిందో తెలియదు.

2014లో కమలాపురం రేయాన్ గుజ్జు మిల్లు ఆగింది. ఆ ఏడే కాగజ్‌నగర్‌లోనూ పొగగొట్టం చల్లబడింది. 2018లో హైదరాబాద్ కంపెనీ లా ట్రైబ్యునల్ ద్వారా జేకే పేపర్ కాగజ్‌నగర్ మిల్లును తీసుకుని మళ్ళీ నడిపింది. ఆ ఊరికి ఊపిరి వచ్చింది, సంతోషం. 2016 దివాలా చట్టం 53వ సెక్షన్‌లో మునిగిన కంపెనీ ఆస్తిని ఎవరికి ముందు, ఎవరికి వెనక పంచాలో ఒక వరస ఉంది. ప్రక్రియ ఖర్చులు, తాకట్టు ఉన్న బ్యాంకులు, వాటితో సమానంగా 24 నెలల కార్మికుల బకాయిలు, తర్వాత ఇతర ఉద్యోగులు, తాకట్టు లేని రుణదాతలు, సర్కారు. కార్మికుడిని బ్యాంకుతో సమానంగా నిలబెట్టినందుకు చట్టాన్ని మెచ్చుకోవాలి. దశాబ్దాల పాటు వెదురు ఇచ్చిన కొండలకు ఆ వరసలో చోటు లేదు. బార్డీల దివాలాలో దేవుడికైనా దక్కిన చోటు అది.

అడవికి అలాంటి చోటు ఇవ్వడానికి దగ్గరగా మనవాళ్ళు ఒకసారి వెళ్ళారు. బొర్రా గుహల చుట్టుపక్కల గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన లీజులు చెల్లవంది. అలాంటి పూర్తి నిషేధం లేని రాష్ట్రాల్లో, నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు నీళ్ళకు, చదువుకు, వైద్యానికి శాశ్వత నిధిగా పెట్టాలంది. అడవిని తిరిగి పెంచే ఖర్చు దీనికి అదనం. ధర్మాసనంలో ముగ్గురుంటే ఒకరు ఒప్పుకోలేదు, అయినా మెజారిటీ మెజారిటీయే. 135వ సెక్షన్ రావడానికి పదహారేళ్ళ ముందు 20 అన్నవాళ్ళు, చివరికి 2 దగ్గర ఎలా ఆగారో ఎవరైనా చరిత్ర రాయాలి. తేడా అంకెల్లోనే లేదు. సమత తీర్పులో ఆ సొమ్ము వ్యాపారం చేయడానికే షరతు. 135లో అది వ్యాపారం బాగా సాగిన ఏడు చేసే ఖర్చు. నష్టం వచ్చిన కంపెనీకి ఆ బాధ్యతా సన్నగిల్లుతుంది, అడవికి నష్టం వచ్చిందా అని అడిగే గడి మాత్రం అందులో లేదు.

వెయ్యి పెద్ద లిస్టెడ్ కంపెనీలు ఇప్పుడు సెబీ ఆదేశంతో ఏటా బాధ్యతల నివేదిక ఇస్తున్నాయి. అందులో ‘రిస్క్’ అన్న మాట చాలాసార్లు వస్తుంది. ముఖ్యమైన పర్యావరణ విషయం దేన్ని తీసుకున్నా అది కంపెనీకి ముప్పా, అవకాశమా, ఆర్థికంగా తేలేదేమిటి అని రాయాలి. అందుకే కలప కొరత ముప్పుగా కనిపిస్తుంది, కలప రైతుకు ధర పడిపోవడం కనిపించదు. ఆంతొనీనో ముందు ఈ పత్రాలు పెడితే మొదటి పేజీలోనే వేలు పెట్టి అడిగేవాడు: మునిగేది ఎవరి సొమ్ము?

ఆ గడి నింపడానికి కొత్త చట్టం దాకా ఆగనక్కర్లేదు. హైమండార్ఫ్ నివేదికలు ఒక పక్క, మిల్లుల వార్షిక నివేదికలు ఇంకో పక్క పెట్టుకుని, ఎనభై ఏళ్ళలో ఆదిలాబాద్ వెదురు ఎంత పోయింది, ఎంతకు పోయింది, ఎవరెవరు ఎంత మోశారు అని లెక్క తీయగల పరిశోధక విద్యార్థులు ఉస్మానియాలో ఉన్నారు. వ్యాసం ఎంత పెద్దదైనా సరే, పట్టికలతో సహా వేస్తాం.