వంపు ఊరికే రాదు

తిన్నని గోడైనా మెలిక తిరిగిన గోడైనా కంప్యూటరుకు ఒకటే. వెయ్యి పలకలు ఒకే కొలతలో కోసినా, వెయ్యి కొలతల్లో కోసినా యంత్రానికి పడే శ్రమ ఒకటే. ప్రయోగాల వాస్తుశిల్పంలో ఏళ్ల తరబడి ఎదురులేకుండా చెలామణీ అవుతున్న నమ్మకం ఇది. 2008లో వెనిస్ బినాలే ప్రదర్శన వేదికగా వాస్తుశిల్పి పాట్రిక్ షూమాకర్ ‘పారామెట్రిసిజం’ (కంప్యూటరు లెక్కలతో రూపాన్ని మలిచే శైలి) ప్రకటన వెలువరించి, ఆధునికవాదం తర్వాత రావలసిన మహాశైలి ఇదేనన్నారు. ఆ గాలి మన ఆర్కిటెక్చర్ కాలేజీలకూ సోకింది. రైనో, గ్రాస్‌హాపర్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు చేతికి రాగానే పిల్లలు అలల కప్పులు గీసి జ్యూరీ ముందు పెడతారు. దీన్ని ఎలా కడతారమ్మా అంటే ‘డిజిటల్ ఫాబ్రికేషన్’ అన్న ఒక్క మాటతో సరిపెడతారు. పిల్లల్ని తప్పుపట్టడం లేదు. ఆ జవాబు చాలని వాళ్లకు నేర్పింది పెద్దలే.

ఆ జవాబు చాలదు సరికదా, నిజం కూడా కాదు. వంపు ఖర్చు ఎక్కడికీ పోదు. గీసేవాళ్ల బల్ల మీద తగ్గినదంతా ఇంకెవరి నెత్తినో పడుతుంది. ఆ ఇంకెవరో మనకు కనబడరు కాబట్టి ఖర్చే లేదని నమ్ముతున్నాం.

జహా హదీద్ సంస్థ రూపకల్పన చేసిన బాకూలోని హైదర్ అలియెవ్ సెంటర్ 2012లో పూర్తయింది. ముందున్న మైదానమే పైకి లేచి, మడతపడి, కప్పుగా మారినట్టు ఉంటుంది. చూడ్డానికి అద్భుతం, కాదనను. కానీ ఆ తెల్లటి మడత భవనాన్ని మోయదు. దాని కింద ఉక్కు గొట్టాల స్పేస్‌ఫ్రేమ్ ఉంది, మోసేది అదీ, కాంక్రీటు నిర్మాణమూ. పైన కనిపించేవి గాజునార కలిపిన కాంక్రీటు, ప్లాస్టిక్ పలకలు. రూపానిది ఒక దారి, బరువుది ఇంకో దారి. రెండూ కలవని చోట మధ్యలో మిగిలిన ఖాళీని ఉక్కుతో నింపాల్సిందే. ఆ సంస్థే రూపొందించిన సియోల్ దోంగ్‌దేమున్ డిజైన్ ప్లాజా 2014లో తెరుచుకుంది. కొలతా వంపూ మారుతూ పోయే 45,133 అల్యూమినియం పలకలు దానికి తొడిగారు. కొయ్యడం యంత్రానికి సులువే అనుకుందాం. ఏ పలక ఎక్కడిదో నంబరు వేయాలి, ఏది ముందు ఎక్కాలో ఆ వరుసలో పేర్చాలి, వెనక బిగించే బ్రాకెట్టు సరిపోయిందో లేదో చూడాలి. ఇలాంటి పనిలో ఒక్క పలక దెబ్బతింటే పక్కదాన్ని తెచ్చి వేయడానికి కుదరదు. దానికి జోడు ప్రపంచంలో ఇంకొకటి లేదు.

ఈ కనబడని పనిలో మనవాళ్లూ ఉన్నారు. అమెరికాలో, బ్రిటన్‌లో లేచే ఉక్కు కట్టడాలకు టెక్లా సాఫ్ట్‌వేరులో ఒక్కో ప్లేటునూ, ఒక్కో బోల్టు రంధ్రాన్నీ పెట్టి షాప్ డ్రాయింగులు తీసే డిటెయిలర్లలో హైదరాబాదు కుర్రాళ్లు ఎందరో. గళ్లుగళ్లుగా సాగే మామూలు భవనంలో ఒక అతుకు సరిచూస్తే వంద అతుకులు సరిచూసినట్టే. వంపు భవనంలో ఆ వెసులుబాటు ఉండదు. ప్రోగ్రాం వంద అతుకుల్ని గీసిపెడుతుంది. అందులో నాలుగైదు చోట్ల బోల్టు బిగించడానికి స్పానర్ దూరదు, రెండుచోట్ల వెల్డింగు చేసే చెయ్యి పట్టదు. అవేవో కనిపెట్టడానికి వందా చూడాల్సిందే. ఆ పని చేసేవాళ్ల పేర్లు ఏ అవార్డు పత్రంలోనూ ఉండవు. సంక్లిష్టత ఉచితమని రాసేవాళ్లు ఒక్క వారం ఆ ఆఫీసుల్లో కూర్చుంటే బాగుండును.

చేతులు లేకుండా వంపు రాదన్న సంగతి కంప్యూటరుకు ముందే తేలింది. 1958లో మెక్సికో నగరం సొచిమిల్కోలో ఫెలిక్స్ కాందేలా కట్టిన లోస్ మనాంతియాలెస్ రెస్టారెంటు కప్పు మందం చాలామేరకు 4 సెంటీమీటర్లే. ఆయన ఎంచుకున్న వంపులో రెండు దిక్కులా తిన్నని గీతలు దొరుకుతాయి, అందుకే మామూలు చెక్కపట్టీలతోనే సెంట్రింగ్ వేయించగలిగారు. అంత తెలివిగా కట్టినా, వడ్రంగుల కూలి పెరిగేసరికి ఆ కప్పులు గిట్టకుండా పోయాయి. సిమెంటూ ఇనుమూ కలిసివచ్చినా సెంట్రింగ్ ముంచింది. జ్యూరిక్‌లోని ఇటిహెచ్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ బ్లాక్ బృందం సరిగ్గా ఈ ముడినే పట్టుకుంది. 2018లో కాందేలాకు నివాళిగా మెక్సికోలో ఒక కాంక్రీటు గుల్లను నిలబెట్టారు. దాని అచ్చును యంత్రం మీద బట్టలా అల్లి, సూట్‌కేసుల్లో పెట్టుకుని తీసుకెళ్లారు. కంప్యూటరును అసలు ఖర్చు మీదికి గురిపెట్టడమంటే ఇదీ.

రోబో ఇటుక గోడల సంగతీ చూద్దాం. 2006లో స్విట్జర్లాండు ఫ్లేష్ గ్రామంలోని గాంటెన్‌బైన్ ద్రాక్షసారా కర్మాగారానికి వాస్తుశిల్పులు గ్రమాజియో, కోలర్‌లు రోబోతో గోడలు పేర్పించారు. సుమారు 20,000 ఇటుకల్లో ఒక్కోదాన్ని ఒక్కో కోణంలో తిప్పి జిగురుతో అతికించింది రోబో. దూరం నుంచి చూస్తే గోడలో ద్రాక్షలు నింపినట్టుంటుంది. అప్పటినుంచి ఇలాంటి గోడకు రోబో తప్పదన్న అభిప్రాయం పాతుకుపోయింది. అయితే 2010లో షాంఘైలో ఆర్కి-యూనియన్ సంస్థ తమ ఆఫీసుకు పట్టుబట్ట అలల్లాంటి గోడ కట్టింది, మామూలు కాంక్రీటు దిమ్మెలతో. కంప్యూటరు ఇచ్చిన లెక్కలేనన్ని కోణాల్ని కొన్నిటికి కుదించి, ఆ కొన్నిటికీ చెక్క మూసలు చేసి మేస్త్రీల చేతికిచ్చారు. మేస్త్రీ మూస ఆనించి దిమ్మె పెట్టుకుంటూ పోయాడు. గణనే లేకపోతే ఆ గోడ లేదు, అలాగని రోబో అవసరం పడలేదు. తాపీ మేస్త్రీలు ఇంతమంది ఉన్న మన దేశంలో ఈ గోడ గురించి పాఠం చెప్పకుండా స్విస్ గోడ ఫొటోలే ఎందుకు చూపిస్తాం?

మన దగ్గర ఇప్పుడు మోజంతా త్రీడీ ప్రింటింగ్ మీద. 2021లో ఐఐటీ మద్రాసు ఆవరణలో త్వస్త సంస్థ 600 చదరపు అడుగుల ఇల్లు కట్టింది. 2023లో బెంగళూరు కేంబ్రిడ్జి లేఅవుట్‌లో పోస్టాఫీసు వచ్చింది, సిద్దిపేట జిల్లా బూరుగుపల్లిలో ఏకంగా గుడే వచ్చింది. వాటి వెనక ఉన్న ఇంజినీర్ల పట్టుదలను గౌరవిస్తాను. ‘యంత్రం ఇల్లు కట్టింది’ అన్న శీర్షికలతోనే నా పేచీ. నాజిల్ నుంచి మోర్టారు పట్టీ పడుతుంది, దాని మీద ఇంకొకటి. కింది పట్టీ పైదాన్ని మోసేంత బిగుసుకోవాలి, కానీ రెండూ అతుక్కోలేనంతగా ఆరకూడదు. మన ఎండల్లో ఆ గడువు ఇంకా కురచ. గొట్టంలో తట్టుకోకుండా పారాలి గనక పెద్ద కంకర వేయరు. కంకర లేని చోట సిమెంటు పెరుగుతుంది, అంటే ఘనపు మీటరుకు మామూలు కాంక్రీటు కంటే ఎక్కువ సిమెంటు తాగే మిశ్రమం అది. ఇనుము చాలావరకు చేత్తోనే పెడతారు. పునాది, దర్వాజాలు, కరెంటు గొట్టాలు, చాలాచోట్ల స్లాబు కూడా పాత పద్ధతిలోనే సాగుతాయి. ముద్రించింది గోడ, మనం రాసుకున్నది ఇల్లని.

ప్రయోగాన్ని ఖర్చుతో కొలవకూడదని ఒక వాదన ఉంది. ఒప్పుకుంటాను, కానీ ప్రయోగానికి ఫలితం ఉండాలి. ష్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయంలో ఆఖిమ్ మెంగెస్, యాన్ క్నిపర్స్ బృందాలు ఏటా ఒక్కో మంటపం కట్టుకుంటూ వచ్చి, 2019లో హైల్‌బ్రాన్ ఉద్యాన ప్రదర్శనలో చెక్క మంటపం నిలబెట్టాయి. 376 బోలు చెక్క పెట్టెల్ని రోబోలు తయారుచేశాయి. మధ్యలో స్తంభం లేకుండా 30 మీటర్లు, చదరపు మీటరుకు 38 కిలోల బరువు. దాన్ని ఎక్కించింది ఇద్దరు పనివాళ్లు, పది పనిదినాల్లో. బోలు పెట్టె వల్ల చెక్క మిగిలింది, అతుకుల కచ్చితత్వం వల్ల పరంజా మిగిలింది. రోబో వల్ల ఏం మిగిలిందో ఇలా చెప్పగలిగితే దానికి నేను మొదటి మద్దతుదారుణ్ని.

2016 వెనిస్ బినాలేలో బ్లాక్ బృందం పెట్టిన ఆర్మడిల్లో కమాను నాకు అన్నిటికంటే ఇష్టమైన సాక్ష్యం. 399 సున్నపురాళ్లు, అతికించే సున్నం లేదు, లోపల ఇనుము లేదు, ఆధారాల మధ్య 16 మీటర్ల దూరం, కొన్నిచోట్ల మందం 5 సెంటీమీటర్లే. ఒత్తిడి ఎటు ప్రవహిస్తుందో గణన చూపించింది, రాయి ఆ దారినే పోయింది. యంత్రాన్ని కచ్చితంగా వాడింది రాయికి రాయి ఆనే ముఖాల మీదే. లోపలి వైపు రంపం వరసగా గాట్లు పెట్టి వదిలేస్తే, గాట్ల మధ్య నిలిచిన పలుచని రాతి రెక్కల్ని రాతిపనివాళ్లు సుత్తితో కొట్టేశారు. ఆ గరుకును నునుపు చేయలేదు, చేయాల్సిన పనీ లేదు. బరువు ఎక్కడ మోయాలో తెలిసినవాళ్లకు ఎక్కడ వదిలేయాలో కూడా తెలుస్తుంది.

దక్షిణాఫ్రికాలోని మపుంగుబ్వే మ్యూజియం ఇంకో మెట్టు పైకెళ్లింది. పీటర్ రిచ్ వాస్తుశిల్పి. మైకేల్ రమేజ్, జాన్ ఓషెండార్ఫ్ కమానుల లెక్క చూశారు. చుట్టుపక్కల పనిలేని జనానికి నేర్పించి, అక్కడి మట్టికి కాస్త సిమెంటు కలిపి సుమారు 2 లక్షల బిళ్లలు ఒత్తించారు, వాళ్ల చేతనే కప్పులు కట్టించారు. 2009లో ఆ కట్టడం వరల్డ్ ఆర్కిటెక్చర్ ఫెస్టివల్‌లో ఆ ఏటి మేటి భవనంగా గెలిచింది. ఖర్చులో పెద్ద వాటా కూలి రూపంలో ఊళ్లోకే పోయే ఇలాంటి పద్ధతిని వెనకబాటుతనమని, రోబోను అభివృద్ధి అని పిలవడం నాకు మింగుడుపడదు.

అందుకని జ్యూరీల్లో కూర్చునేవాళ్లకు నా విన్నపం ఇది. అలల కప్పు గీసిన పిల్లను మూడు కాగితాలు అడగండి. ఆ కప్పుకు సెంట్రింగ్ ఎలా వేస్తారో ఒక డ్రాయింగు. చదరపు మీటరుకు ఎన్ని కిలోలో, అదే దూరానికి మామూలు స్లాబు ఎన్ని కిలోలో పక్కపక్కన పెట్టిన లెక్క. ఎంతమంది, ఏ పనివాళ్లు, ఎన్ని రోజులు పనిచేస్తారో ఒక పట్టిక. ఈ మూడూ తెచ్చిన వంపుకు పూర్తి మార్కులు వేయండి. తేలేకపోతే వచ్చే సెమిస్టరులో తెమ్మనండి.